కలివి పొద, పిగిలిపిట్ట, మా అత్త

మా అత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కర్నూలు బస్టాండులో బస్సు డోరు పట్టుకుని ఊర్ల పేర్లు అరుస్తా ఉన్నాను. కండక్టరు కొలువు నాది. ఫోనులో మా ఊరి పాస్టరయ్య, "అమ్మా, మీ అత్త నిద్దట్లోనే ప్రభువు దగ్గరికి పోయింది. పొద్దన్నే పలకలేదు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. బస్సు ఇంకొకరికి అప్పజెప్పి, నేరుగా మెకానిక్కు దగ్గరికి పోయి, "అన్నా, కటింగ్ ప్లేయరు ఒగటి ఇయ్యి, మళ్ళా తెచ్చిస్తా" అని అడిగినాను. "ఎందుకు తల్లీ?" అన్నాడాయన. "మా అత్తను సాగనంపాల" అన్నాను. నా మొగం చూసి తీసిచ్చినాడు. దాన్ని టికెట్ల సంచిలో ఏసుకుని ఓర్వకల్లు దిక్కు పోయే బస్సెక్కి కూచున్నాక అప్పుడు వచ్చింది ఏడుపు.

చావుకు పోతా కటింగ్ ప్లేయరు ఎందుకని మీకు అనిపిస్తాది. అది చెప్పడానికే ఇది రాస్తాండా. పోయినోళ్ళ గురించి రాసేవాళ్ళు శానా మెత్తగా రాస్తారు. మా అత్త మెత్తటి మనిషి కాదు. ఆమె చేతుల్లో పెరిగిన నేనూ కాదు. ఆమె మంచిది, ఆకలైనోళ్ళకు తన కంచంలోది తీసి పెట్టేంత మంచిది. కానీ ఆ మంచితనం నడిమధ్యన ఒగ పగ ఉండింది. దాన్ని దాచిపెట్టి మిగతాదంతా రాస్తే అది మా అత్త కాదు, ఇంకెవరో.

మా నాయనకు అక్క ఆమె. పిల్లలు లేరు. మా అమ్మ కూలికి పోతే నన్ను అత్తే చంకనేసుకుని గుట్టకు తీసుకుపోయేది. మా ఊరు గుట్ట కింద ఉంటాది. ఆ గుట్టమీద రాతిగుండ్లు ఎవరో కావాలని పేర్చినట్టు ఒగదాని మీద ఒగటి నిలబడి ఉంటాయి. ఆ గుండ్ల సందుల్లోనే కలివి పొదలు. వానలు పడి పండ్లు నల్లబడినప్పటి నుంచి అయిపోయేదాకా అత్త కూలి మానేసేది. గంపకు కోసుకుని, పైన ఆకులు కప్పుకుని, తొలి బస్సుకు కర్నూలు పోయి బడుల ముందర కూచునేది. ఆ దినాల్లో ఆమె వేళ్ళు నల్లగా, జిగటగా ఉండేవి. ఎంత తోమినా పోయేవి కావు. నాకు అన్నం కలిపి పెడితే ముద్దకు గూడా కలివి వాసన.

తెలియనోళ్ళకు చెప్తాను. కలివి నడుమెత్తు పెరిగే ముళ్ళపొద. ఎండాకాలం మిగతా చెట్లన్నీ పుల్లలై నిలబడినప్పుడు దానికి తెల్లటి పూలు పూస్తాయి. వాసన మల్లెలకేమీ తీసిపోదు. కాయ తుంచితే తొడిమ దగ్గర పాలు కారతాయి. పచ్చికాయ పప్పులో ఏస్తే చింతపండు అక్కర్లేదు, పండైతే నోరంతా నల్లబడేదాకా ఆపలేము. ముళ్ళు మాత్రం జత జతగా ఉంటాయి, చెరొక దిక్కుకు. పొయ్యేటప్పుడు ఒగదాన్ని తప్పించుకున్నా వచ్చేటప్పుడు ఇంకొగటి పట్టుకుంటాది.

ఆ పండ్లకు మాకు పోటీ పిగిలిపిట్ట. మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. నల్లటి తలమీద చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. కొంచెం టెక్కు పిట్ట. పొద్దు పుట్టకముందే లేచి అందరికన్నా ముందు మాట్లాడతాది. రెండు పిగిళ్ళు ఒగ కొమ్మమీద కూచున్నాయంటే కొట్లాట ఖాయం. వెనకట వీటిని పెంచి పందేలు ఆడేవాళ్ళంట. మేము పొదకు ఈపక్క కోస్తా ఉంటే అది ఆపక్క తింటా ఉండేది. తరిమితే పోయి గుండు మీద కూచుని మమ్మల్నే తిట్టేది.

ఈ రెండిట్లో ఏది గొప్పది అనేది నాకూ అత్తకూ పెద్ద కొట్లాట. నేను పిట్ట దిక్కు. అత్త పొద దిక్కు. నేను లంగా కట్టే వయసులో మొదలైన కొట్లాట, నా కూతురికి పెండ్లి చేసినంక కూడా అయిపోలేదు.

"పిట్టకు రెక్కలుండాయత్తా. యాడికంటే ఆడికి పోతాది."

"పోతాది మే. పోవడమే గొప్పయితే పొగ గూడా గొప్పదే. కలివిని చూడు. యాడికీ పోదు. కొడితే మళ్ళా లేస్తాది. కాలిస్తే మళ్ళా లేస్తాది."

"పిట్ట పాడతాది."

"పాట ఇంటానే రాయేస్తారు. కలివి నోరు తెరవదు. ముల్లు దిగినంకనే తెలుస్తాది అది ఈడ ఉండాదని."

నేను మూతి ముడుచుకుంటే నవ్వి, "నువ్వు పిగిలివి లే. అరుస్తావు, ఎగిరిపోతావు. నేను కలివిని" అనేది. కొలువు వచ్చి నేను కండక్టరైనప్పుడు, "చెప్పలే నేను? పొద్దన్నుంచి మాపుదాకా అరిసేకి నీకు జీతమిస్తాండారు" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇంక ఆ పగ ఎవరి మీదనో ఆయన దగ్గరికి వస్తాను. ఆయన పేరు ఈడ రాయను. రాస్తే ఆయనకు గూడా స్మృతి రాసినట్టయితాది. ఊర్లో మేమనేదే రాస్తాను, మూలచేను ఆసామి. మా పేటకూ మా సమాధులకూ మధ్యన ఆయన చేను. మా పేటలో అందరమూ చర్చికి పోయేవాళ్ళమే. చర్చి గుమ్మంలో నిలబడి చూస్తే గుట్ట కింద మా పెద్దోళ్ళ సిలువలు కనపడతాయి. గుమ్మం నుంచి సిలువల దాకా, ఆ చేను నడిమి నుంచి, బండి పట్టేంత దోవ ఉండేది. మా తాతలు, వాళ్ళ తాతలు అందరూ ఆ దోవనే పోయినారు. ఆసామి ప్రతి దుక్కికీ ఈపక్క ఒగ సాలు, ఆపక్క ఒగ సాలు కలుపుకుంటా వచ్చినాడు. బండిదోవ కాలిదోవ అయింది. కాలిదోవ గెనెమంత, చేనిగట్టంత అయింది. ఒగ ఏడు అది గూడా లేదు. చేను చుట్టూ రాతి కూసాలు నాటి ముళ్ళతీగ లాగినాడు. పేటోళ్ళు పోయి అడిగితే, నవ్వుతా, "దోవ యాడుండాదప్పా? చూపియ్యండి, వదిలేస్తా" అన్నాడు. దున్నిన నేలలో దోవ యాడని చూపిస్తారు? ఆఫీసుల చుట్టూ తిరిగినారు. చెప్పులరిగినాయి, అంతే.

అట్లాంటప్పుడు మా మామ పోయినాడు. మంచి వానలు. ఆసామి కంచె దగ్గరికొచ్చి, "పైరుండాది, తొక్కిచ్చుకోలేను. చుట్టు తిరిగి పోండి" అన్నాడు. పాస్టరయ్య చేతులు జోడించి అడిగినా ఒప్పుకోలేదు. పెట్టెను ఎత్తుకుని వంక వెంబడి, పారే నీళ్ళలో, గుండ్ల మీద పోతిమి. నీళ్ళలో పాచి. ముందర మోసేవాళ్ళలో ఒగరి కాలు జారింది. పెట్టె పక్కకు ఒరిగి, గుండుకు కొట్టుకుని, బురదలో పడింది. మూత పక్కకు జరిగి మామ చెయ్యి బయటికొచ్చింది.

మా అత్త అరవలేదు. వంకలోకి దిగి, ఆ చేతిని లోపలికి సర్ది, కొంగుతో బురద తుడిచి, మూత నొక్కి పట్టుకునింది. సమాధి దాకా ఆ మూత మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మన్ను పూడ్చడం అయినంక అందరి దిక్కూ తిరిగి ఒగటే మాట అనింది. "నన్ను మాత్రం మన దోవనే తీసుకపోవాల. చుట్టు తిప్పితే పెట్టెలోంచి లేసి ఇంటికొస్తా." బతుకంతా ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే.

నాకు తిక్క రేగింది. ఆసామి ఇంటి ముందర నిలబడి నా గొంతు చూపించి వస్తానని చీర ఎగజెక్కితే, అత్త నా రెక్క పట్టుకుని గుంజి కూచోబెట్టింది.

"గమ్మునుండు మే. అరుస్తారనే వాండు కాసుకోని ఉండాడు. అరుపుకు వాని కాడ జవాబుండాది."

"అట్లయితే వదిలిపెడతావా?"

"ఎవురు చెప్పినారు నీకు వదిలిపెడతానని?"

ఆ ఆదివారం నుంచి చర్చిలో అందరమూ కలిసి చేసే ప్రార్థనలో, తప్పు చేసినోళ్ళను క్షమించే మాట వచ్చినప్పుడు మా అత్త నోరు మూసుకునేది. ముందర మాటలన్నీ పెద్దగా చెప్పేది. ఆ మాట దగ్గర పెదాలు బిగించేది. అది దాటినంక మళ్ళా అందుకునేది. పాస్టరయ్య కనిపెట్టి ఒగనాడు ఇంటికొచ్చి మెల్లగా అడిగినాడు. "దేవునికి అబద్ధం చెప్పమంటావా అయ్యా?" అనింది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయినాడు. మళ్ళా అడగలేదు.

ఆసామి పెండ్లామంటే మాత్రం అత్తకు ఏ కోపమూ లేదు. ఆయమ్మకు పచ్చి కలివికాయల పచ్చడంటే పిచ్చి. కాపు రాగానే అత్తే దోసెడు కాయలు తీసిపెట్టి పంపించేది. నాకు కడుపు మండి, "ఆ ఇంటికి పెడతావా?" అంటే, "ఆయమ్మ నాకేం చేసింది? పగ ఒగని మీదనే పెట్టుకోవాల మే. ఇంటిల్లిపాది మీద పెట్టుకుంటే అది పగ కాదు, జబ్బు" అనింది.

ఆ మరుసటి ఏడు తొలి వానల్లో నేనూ అత్తా గుండ్ల మీదనే చుట్టు తిరిగి మామ సమాధి దగ్గరికి పోయినాము. సిలువ మీద పిగిలిపిట్ట ఒగటి కూచుని ఉంది. మేము దగ్గరికి పోయేదాకా కదలలేదు. సిలువ కింద చూస్తే చిన్న కలివి మొలక, లేత ఆకులతో. అత్త వంగి దాన్ని చూసింది. పిట్ట దిక్కు చూసింది. అక్కణ్ణుంచి చర్చి గుమ్మం దిక్కు శానాసేపు చూసింది. నేను మొలకను పీకబోతే చెయ్యి మీద కొట్టింది. "మీ మామ చెప్తాండాడు, ఇననీ" అనింది. నాకేమీ అర్థం కాలేదు.

ఆ ఏడు ఆసామి శనగ ఏసినాడు. పచ్చపురుగు పడింది. వ్యవసాయం ఆఫీసు నుంచి వచ్చినాయన, చేనులో అక్కడక్కడా కొయ్యలు నాటితే పిట్టలు వాలి పురుగును ఏరుకుని తింటాయని చెప్పిపోయినాడంట. కలుపు తీసే ఆడోళ్ళ గుంపుకు మా అత్తే పెద్ద. ఆసామి ఆమెనే పిలిచి కొయ్యలు నాటించమన్నాడు. అత్త తుమ్మకొయ్యలు కొట్టించి, పైన అడ్డంగా పుల్ల కట్టించి, చేను నడిమిలో రెండు వరసలుగా నాటించింది. ఈపక్క చర్చి గుమ్మం, ఆపక్క మామ సిలువ. ఆ రెండిటికీ గురి పెట్టి నాటించింది. రెండు వరసల మధ్యన బండి పట్టేంత ఎడం.

ఆసామి వచ్చి చూసి, "అక్కడొకటి ఇక్కడొకటి నాటమంటే, ఇట్ల వరస పెట్టినావేమే?" అన్నాడంట.

"వరసగా ఉంటే చూసేకి బాగుంటాది ఆసామీ."

"అవునులే, బాగుండాది" అని మెచ్చుకున్నాడంట కూడా. వాని మొగం మండ, తన దోవను తానే మెచ్చుకున్నాడు! ఆ మాపు అత్త జొన్నరొట్టెలు చేసి, చెనిక్కాయల పొడి ఏసుకుని, ఎప్పుడూ తిననంత తినింది. ఎందుకంత ఆకలని అడిగితే, "ఈపొద్దు పని చేసినా మే" అనింది.

ఆ పంట తీసినంక చేను బీడు పడింది. అప్పటికి మా దిక్కు విమానాలు దిగుతాయి, ఫ్యాక్టరీలు వస్తాయి అని మాట పుట్టింది. రోడ్డు పక్కన చేనున్నోళ్ళంతా దుక్కి మానేసి, కార్ల కోసరం ఎదురుచూడబట్టిరి. ఆసామి గూడా అంతే. కొయ్యలు మాత్రం అట్లనే నిలబడి ఉండినాయి. చెదలు తిని ఒగటి పడిపోతే అత్త దాని గుంతలోనే ఇంకొగటి గుచ్చేది. పండ్ల కాలంలో గుట్టమీద నుంచి పండిన కలివి రెమ్మలు తెచ్చి, తీగ కింద దూరి పోయి ఆ కొయ్యలకు కట్టేది. గుట్టమీది పిగిళ్ళకు కబురందింది. వచ్చినాయి, తిన్నాయి, కొట్లాడుకున్నాయి, కొయ్యల మీద కూచుని తీరిగ్గా రెట్టలేసినాయి. అవి ఏసేదేదో ఏసినాయి, మన్ను చేసేదేదో చేసింది.

మూడో నాలుగో వానలకు కొయ్యల కింద కలివి మొలకలు. మేకలు కొసలు కొరికి, ముల్లు గుచ్చుకుని వదిలేసినాయి. మధ్యలో మాత్రం అత్త ఏ మొక్కనూ లేవనీలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయినంక అత్త తీగ కింద దూరి ఆ మధ్యలోనే నడిచి మామ దగ్గరికి పోయేది. ఆమె వెనకాల ఇంగో ఇద్దరు ముగ్గురు ఆడోళ్ళు. వాళ్ళ వెనకాల మేకలు. పొదలు పెరిగేకొద్దీ మధ్యన నేల చదునయింది.

ఆసామి ఆలస్యంగా చూసుకున్నాడు. అత్తను పిలిపించి, "ఎవురు నాటినారు ఈ కంపంతా?" అన్నాడు.

"పిట్టలు నాటినాయి ఆసామీ. వాటిని పిలిపించింది నువ్వే కదా."

జేసీబీ పెట్టి గీకించినాడు. తరవాతి వానకు ఒగ మొద్దు నుంచి పిడికెడు పిలకలు. ఎండాకాలం నిప్పు పెట్టించినాడు. నిప్పు బీడులో గడ్డినంతా తినేసింది, కలివి వేరు కింద గమ్మున పడుకుని వానకు మళ్ళా లేచింది, ముందరికన్నా గుబురుగా. అప్పుడు మా అత్త మొగం చూడాల మీరు. బడిలో ఫస్టొచ్చిన పిల్ల తల్లి మొగం అది.

ఆ తరవాత జరిగింది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నాకు సెలవు దొరికిన దినమది. మంచి కాపు. అత్త ఆ రెండు వరసల మధ్యన గంప పెట్టుకుని కోస్తాంది, నేనూ కోస్తాండా. తెల్లకారొకటి వచ్చి నిలబడింది. ఆసామి ముందర, వెనకాల పట్నం నుంచి వచ్చిన పెద్దవయసు మొగుడూ పెండ్లాలు. చేను కొని ఇల్లు కట్టుకుందామని వచ్చినారు. మమ్మల్ని చూసి ఆసామికి కండ్లు ఎర్రబడినాయి గానీ, వాళ్ళ ముందర అరవలేడు కదా. ఆ పెద్దావిడ పొదలు చూసి ముచ్చటపడిపోయింది.

"ఎంత చక్కగా ఉందండీ ఈ దారి! రెండు వైపులా భలే పెంచారు."

అత్త లేచి, కొంగు సర్దుకుని, మోదుగాకు దొప్పలో పండ్లు పోసి ఆమె చేతికిచ్చింది. "తినమ్మా. మా గుట్ట పండ్లు."

ఆమె ఒకటి నోట్లో వేసుకుని, "అబ్బ, ఎంత బాగున్నాయో! ఈ దారి ఎక్కడికి వెళ్తుందమ్మా?" అంది.

"సమాధులకు పోతాదమ్మా. మా తాతల కాలం నాటి దోవ. మా ఇంటాయన కూడా ఆడనే ఉండాడు. రాండి, చూపిస్తా."

ఆమె చెయ్యి దొప్ప మీద ఆగిపోయింది. పొదల మధ్య నుంచి తల ఎత్తి చూసింది. ఆ చివర సిలువలు తెల్లగా, వరసగా కనపడినాయి. మొగుడి దిక్కు చూసింది. ఆసామి గొంతు లేచింది. "అబద్ధం సార్! ఈడ దోవే లేదు. వీళ్ళు ఊరికే..."

"చూపియ్యమంటివి కదా ఆసామీ" అనింది మా అత్త, శానా మర్యాదగా. "ఇదో, చూడు."

ఆ కారు దుమ్ము లేపుకుంటా పోయింది. పండ్ల దొప్ప మాత్రం ఆవిడ వదలకుండా తీసుకుపోయింది. ఆ తరవాత కారు వచ్చిన ప్రతిసారీ అంతే. మధ్యన దోవ, చివర సిలువలు. ఊరంతా చేన్లు అమ్ముకున్నారు, మూలచేను అట్లే మిగిలింది. నాకు ఆ దినం కలిగిన సంతోషం పాపమే అయితే, కానీలే, ఆ పాపం నాకు కావాల.

ఇంటికొస్తా నేను ఎగిరి గంతులేస్తా, "చూసినావా అత్తా! నేను చెప్పలే? పిట్ట గొప్పది! పిట్ట లేకుంటే నీ కలివి గుట్ట దిగేదా?" అన్నాను.

"ఏసింది పిట్టే. కాదన్నానా? కోసినప్పుడు, కాల్చినప్పుడు ఆడ నిలబడింది ఎవురు మే?"

"అయితే పగ తీరినట్టేనా?"

"యాడ తీరింది? తీగ అట్లనే ఉండాది కదా. నన్ను మోసినప్పుడు తీరుతాది."

తీగ నిజంగానే అట్లనే ఉండింది. పైగా ఆసామి రోషానికి పోయి, దోవ మొదట్లో ఇంగో వరస లాగించినాడు. ఆడోళ్ళం వంగి దూరగలం. పెట్టె దూరదు. ఆయనకూ అది తెలుసు, మాకూ తెలుసు. మా అత్తకు ఒళ్ళు బాగలేనప్పుడంతా ఆయన తన ఇంటి అరుగు మీద కూచుని దోవన పోయేవాళ్ళను అడిగేవాడంట, "ఎట్లుండాది ఆయమ్మకు?" అని. మా అత్త అది విని, "వాండు నా కోసరం కాసుకోని ఉండాడు, నేను వాని కోసరం కాసుకోని ఉండా. చూద్దాం" అనేది.

కడపటిసారి చూసినప్పుడు మంచం మీద కూచుని ఉంది. వేళ్ళు తెల్లబడినాయి. ఆ వేళ్ళను అట్ల ఎప్పుడూ చూళ్ళేదు నేను. కొట్లాట పెడితే లేచి కూచుంటాదని, "అత్తా, ఇంతకూ ఏది గొప్పది?" అన్నాను. ఎప్పటిలెక్క కలివే అనలేదు. నా మొగం దిక్కు చూసి, "నువ్వు పిగిలివే మే. కానీ కలివి గుట్ట దిగల్లంటే నీ అట్లాటిది ఒగతి కావాల" అనింది. నేను కొంగుతో కండ్లు తుడుచుకున్నాను. ఆమెకు ఏడుపులు నచ్చవు. వెంటనే, "ఇను. ఆ తీగ నువ్వే కత్తిరియ్యాల. వాండు తీస్తానని వస్తాడు, చూడు. మెత్తగా మాట్లాడతాడు. తియ్యనియ్యొద్దు" అనింది.

ఆసామి వచ్చినాడు. ఆమె చెప్పినట్టే.

పెట్టెను చర్చిలో నుంచి బయటికి తెచ్చినారు. పాట ఎత్తుకున్నారు. గుమ్మం దాటి కంచె దగ్గరికి వస్తే, తెల్లపంచె, భుజం మీద కండువాతో ఆయన నిలబడి ఉన్నాడు. ముసలోడయినాడు. పక్కన ఒగ కూలాయన, చేతిలో గొడ్డలి.

"అమ్మా, నేనే తీపిస్తా" అన్నాడు నాతో. "మనుషులం కదా, ఒగనాడు అందరమూ పోయేటోళ్ళమే. పాతవన్నీ మర్చిపోదాం. ఆయమ్మకు ఈ దోవ నేను ఇస్తాండా."

పాస్టరయ్య మొగం వెలిగిపోయింది. ఎన్నేండ్ల ప్రార్థన ఫలించిందో అనుకున్నాడు పాపం. పేటోళ్ళంతా నా దిక్కు చూసినారు. నేను టికెట్ల సంచిలో చెయ్యి పెట్టినాను.

"వద్దు ఆసామీ" అన్నాను. నా గొంతు సంగతి చెప్పినాను కదా, చివరి వరసలో ఉన్న ముసలోళ్ళకు గూడా ఇనపడింది. "మీరు తీస్తే ఇది మీరిచ్చిన దోవయితాది. ఇది మా దోవ. జరగండి."

ఆయన జరిగినాడు. కింది తీగ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే కత్తిరించినాను. తుప్పు పట్టిన తీగలు, తెగినప్పుడల్లా ఎగిరి కూసాలకు చుట్టుకున్నాయి. చేతికి రెండు చోట్ల గీసుకుని రక్తమొచ్చింది. తుడుచుకోలేదు. పైవరస తెగినప్పుడు వెనకాల ఎవరో ఆడమనిషి "ప్రభువా" అని గట్టిగా ఏడ్చింది. పాట మళ్ళా లేచింది.

ఎండాకాలం. కలివి రెండు పక్కలా తెల్లగా పూసి ఉంది. మోసేవాళ్ళు ఇద్దరిద్దరు పక్కపక్కన నడిస్తే సరిగ్గా సరిపోయింది ఆ ఎడం. ఒక్క ముల్లు తగల్లేదు ఎవరికీ. ఒక్క కాలు జారలేదు. నేను మామ పెట్టె మూత తలచుకుని, మా అత్త పెట్టె మీద చెయ్యి ఆనించి నడిచినాను. అవసరం లేదని తెలుసు, అయినా తియ్యలేదు. పూల వాసన తలకెక్కతాంది. నాకు ఏడుపూ నవ్వూ ఒగటేసారి వచ్చినాయి.

సగం దోవకు వచ్చినంక వెనక్కి చూసినాను. ఆసామి కూడా మా వెనకాలే వస్తాండాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. నలుగురూ చూస్తారని వస్తాండాడో, నిజంగానే వస్తాండాడో ఆయనకే తెలియాల. అందరూ నడిమిన పోతా ఉంటే తోసుకుని ముందుకు రాబోయి పక్కకు ఒరిగినాడు. కలివి పంచెను పట్టుకునింది. గుంజుకున్నాడు. ఈ ముల్లు వదిలితే ఆ ముల్లు పట్టుకునింది. వంగి విడిపించుకోబోతే కండువా చిక్కుకునింది. ఆ పొదలోనే యాడో పిగిలిపిట్ట గూడు పెట్టుకోనుండాదేమో, రెండు పిట్టలు బయటికొచ్చి, కుచ్చులు నిక్కబెట్టుకుని, ఆయన తల మీద చేరి ఒగటే తిట్టు. వెనకాల వచ్చేవాళ్ళు ఆయనను చూసి, పక్కకు తప్పుకుని, పాట ఆపకుండా నడిచి వచ్చేసినారు. ఎవరూ నిలబడి విడిపించలేదు. నేనైతే అసలే విడిపించలేదు.

ఏది గొప్పదో ఇప్పుడు అడిగేకి అత్త లేదు. మామ పక్కన గుంతలోకి పెట్టె దించినారు. అందరమూ తలా పిడికెడు మన్ను ఏసినాము. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టినాడు. క్షమించే మాట వచ్చినప్పుడు నేను నోరు మూసుకున్నాను. కండ్లు తెరిచి దోవ దిక్కు చూసినాను. పూసిన కలివి మధ్యలో ఆ తెల్లపంచె ఇంకా ఆడనే ఉంది, వంగి, రెండు చేతులతో ముళ్ళు తీసుకుంటా. పైన కొమ్మ మీద కూచుని పిగిలిపిట్ట తిడతానే ఉంది.